బీడు ఎకరానికి లెక్కేది?



జూలై నెల వచ్చిందంటే నాగార్జునసాగర్ ఆయకట్టు ఊళ్లలో రచ్చబండ దగ్గర ఒకటే ప్రశ్న వినపడుతుంది: "ఆల్మట్టి నిండిందా?" ఆల్మట్టి ఉన్నదేమో కర్ణాటకలో. మాచర్ల రైతుకో మిర్యాలగూడ రైతుకో దానితో ఏం పని అని కొత్తవాళ్లకు అనిపించవచ్చు. పని ఉంది. ముందు ఆల్మట్టి నిండాలి, దాని దిగువన నారాయణపూర్ నిండాలి, వరద జూరాల దాటాలి, శ్రీశైలం చేరాలి. అక్కడ వదిలితేనే సాగర్‌కు నీళ్లు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు. కుడి కాలువకు 132, ఎడమ కాలువకు 132 టీఎంసీలని కాగితం మీద కేటాయింపు ఉంది. కాగితం మీది నీళ్లతో నారుమడి తడవదు కనక రైతు రోజూ పేపర్లో నీటిమట్టాల పట్టికే ముందు చూస్తాడు.

2023లో ఆ వరస మధ్యలోనే ఆగిపోయింది. దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత తక్కువ వాన పడిన ఆగస్టు మరొకటి లేదు. ఎగువన చేరిన నీళ్లు ఎగువకే సరిపోయాయి. శ్రీశైలం నిండలేదు. సాగర్‌లో ఉన్న కాసిన్ని నీళ్లు తాగడానికి దాచుకోవలసి వచ్చింది. ఎడమ కాలువ కింద యాసంగికి సాగునీళ్లు ఇవ్వలేదు. నవంబరు 30న, అటు తెలంగాణలో పోలింగ్ జరుగుతుండగా, ఇటు నీళ్ల తగువులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాము మీద ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ తగువులో న్యాయం ఎవరిదో తేల్చడానికి బోర్డులున్నాయి, ట్రైబ్యునళ్లున్నాయి, సుప్రీంకోర్టు ఉంది. నేను మాట్లాడదలచుకున్నది వేరే సంగతి. అలాంటి ఏడాది రైతు ఇంట్లోంచి పోయే డబ్బెంత? అందులో ప్రభుత్వం లెక్కలోకి వచ్చేదెంత?

లెక్క ఎలా వేస్తారో ముందు చూద్దాం. పంట ఎండితే వ్యవసాయ శాఖ, రెవెన్యూ సిబ్బంది కలిసి చేలమ్మట తిరిగి రాసుకుంటారు. మూడో వంతు, అంటే 33 శాతం, అంతకు మించి పంట పోతేనే సాయం. 2015 దాకా ఈ గీత 50 శాతం దగ్గర ఉండేది, ఆ ఏడాది తగ్గించారు, మంచిదే. 2022లో అమల్లోకి వచ్చిన కేంద్ర విపత్తు సాయం నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధార భూమికి 8,500. అదీ రెండు హెక్టార్ల వరకే. మన లెక్కలోకి మార్చుకుంటే మాగాణి ఎకరాకు సుమారు 6,880 రూపాయలు. పెట్టుబడి రాయితీ అని పేపర్లలో వచ్చేది ఇదే.

పల్నాడు వైపు ఒక మేజరు కాలువ చివరి భూముల్లో కౌలు చేసే రైతొకాయన ఈ నిబంధన గురించి నాతో అన్నమాట ఇది: "ఎండిన చేనుకు రాసుకుంటారు సార్, బాగానే ఉంది. అసలు ఎయ్యని చేనుకు ఏం రాస్తారు?"

ఆయన అడిగింది ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు అడగాల్సిన ప్రశ్న. నీళ్లు రావని తెలిసి బుద్ధిగా పొలం బీడు పెట్టిన రైతుకు పంట నష్టం సున్నా, ఎందుకంటే పంటే లేదు. వస్తాయేమోనని ఆశపడి నాటువేసి ఎండబెట్టుకున్నవాడికి అంతో ఇంతో సాయం. ముందుచూపుతో ఆగినవాడికి ఏమీ లేదు. బీడు ఎకరం ఏ పట్టికలోనూ నష్టంగా కనిపించదు, "సాగు విస్తీర్ణం తగ్గింది" అన్న ఒక వాక్యంలో కలిసిపోతుంది.

ప్రధానమంత్రి ఫసల్ బీమాలో దీనికి ఒక ఏర్పాటుంది. విత్తలేకపోయిన పరిస్థితి వస్తే బీమా మొత్తంలో నాలుగో వంతు ఇచ్చి ఆ పాలసీ ముగిస్తారు. అయితే ఆ బీమా యూనిట్‌లో ముప్పాతిక వంతుకు పైగా భూమి విత్తకుండా ఉండిపోవాలి, కారణం ప్రతికూల వాతావరణమై ఉండాలి. చివరి తూము కింద నాలుగు వందల ఎకరాలు బీడుపడి, పై తూముల కింద పచ్చగా ఉంటే ఈ నిబంధన పలకదు. పైగా 2020లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పథకం నుంచి బయటికి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2022లో తిరిగి చేరింది.

కరవు మండలాల ప్రకటనలోనూ ఇదే చిక్కు. కేంద్రం 2016లో తెచ్చిన కరవు మాన్యువల్ ప్రకారం మొట్టమొదట చూసేది ఆ మండలంలో వాన ఎంత తగ్గిందని. ఆ మెట్టు దాటితేనే భూగర్భజలం, జలాశయాల నిల్వ, విత్తిన విస్తీర్ణం వంటివి చూస్తారు. మెట్ట భూమికి ఈ పద్ధతి సబబే. కాలువ భూమి సంగతి వేరు. కృష్ణ పుట్టేది మహాబలేశ్వరంలో. సాగర్ నింపే వాన పడమటి కనుమల్లో పడాలి. హుజూర్‌నగర్‌లోనో నరసరావుపేటలోనో నాలుగు జల్లులు సకాలంలో కురిస్తే ఆ మండలం కాగితం మీద బాగానే ఉన్నట్టు. కాలువ మాత్రం ఎండే ఉంటుంది. వానను కొలిచే పరికరంతో కాలువను కొలుస్తున్నాం.

సరే, ఇప్పుడు ఒక ఎకరం లెక్క వేద్దాం. వీలుంటే కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఇవి నేను ఉదాహరణకు తీసుకుంటున్న అంకెలు, మీ ఊరిని బట్టి మార్చుకోండి. ఒక కౌలు రైతు ఎకరం వరి వేశాడు. కౌలు ముందే చెల్లించాడు, 15,000 అనుకుందాం. దుక్కి, దమ్ము, విత్తనం, నారుమడి, నాటు కూలి, ఎరువు, కలుపు కలిసి చేను పొట్టదశకు వచ్చేసరికి 18,000. ఇక కోత, నూర్పిడి, రవాణాకు మరో 8,000. మొత్తం ఖర్చు 41,000. దిగుబడి 75 కిలోల బస్తాలు 30. 2023–24లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు, అంటే బస్తాకు 1,637. ముప్పై బస్తాలకు 49 వేల పైచిలుకు. ఖర్చులు పోను చేతిలో మిగిలేది 8,000. ఇది నీళ్లు సమృద్ధిగా వచ్చి, తుఫాను రాక, మద్దతు ధర పూర్తిగా దక్కిన ఏడాది మాట.

ఇప్పుడు చేను పొట్టమీద ఉండగా కాలువ కట్టేశారు. పోయింది కౌలు 15,000, పెట్టుబడి 18,000, మొత్తం 33,000. మంచి ఏడాది మిగిలేది 8,000, చెడ్డ ఏడాది పోయేది 33,000. ఒక చెడ్డ ఏడాది గుంట పూడాలంటే నాలుగు మంచి ఏళ్లు వరసగా రావాలి. అలా నాలుగేళ్లు వస్తాయనే అనుకుందాం. అప్పు ఊరికే ఉండదు కదా. కౌలు రైతుకు బ్యాంకు దొరకదు, పురుగుమందుల కొట్టులోనో కమీషన్ వ్యాపారి దగ్గరో తెచ్చుకుంటాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మన పల్లెల్లో మర్యాదైన వడ్డీ కింద లెక్క. 33,000కు నెలకు 660, ఏడాదికి 7,920. అంటే మంచి ఏడాది మిగిలే ఎనిమిది వేలూ వడ్డీకే సరి. అసలు అక్కడే ఉంటుంది. నీళ్లు రాని ఒక్క కారు ఆ రైతును నష్టంలోకి తోయడంతో ఆగదు. ఆ తర్వాత ఎన్ని కాలువలు పారినా బయటపడలేని చోట నిలబెడుతుంది. ఎకరాకు ఇచ్చే 6,880 రూపాయలు ఆయనకు అందినా ఏడాది వడ్డీ కూడా పూర్తిగా తీరదు.

ఆయనకు అందినా అన్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక కౌలుదారుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. సంతకం అడిగితే వచ్చే ఏడాది కౌలుకు ఇవ్వడేమోనని ఈయన భయం. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే చేరింది. నీటి ఎద్దడి నష్టం మోసేది ఒకరు, దానికి సాయం అందుకునేది మరొకరు. సొంత భూమి ఉండి బ్యాంకు అప్పు తెచ్చుకున్నవాళ్లూ తప్పించుకోలేరు. మూడు లక్షల లోపు పంట రుణం ఏడు శాతం వడ్డీకి ఇస్తారు, గడువులోగా కడితే మూడు శాతం రాయితీ వస్తుంది. పంట లేక గడువు తప్పితే ఆ రాయితీ పోతుంది. నాలుగు శాతం అప్పు ఏడు శాతం అవుతుంది. ఈ తేడాను నీటి ఎద్దడి ఖాతాలో ఎవరూ రాయరు.

ఈ ఎకరం లెక్కను కాస్త పెద్దది చేసి చూడండి. ఒక టీఎంసీకి ఆరు వేల ఎకరాల వరి, పది వేల ఎకరాల ఆరుతడి పండుతాయని ఇరిగేషన్ వాళ్లు, రైతులు కూడా వాడే మోటు లెక్క ఒకటుంది. ఆరు వేల ఎకరాలు, ఎకరాకు 30 బస్తాలు, మద్దతు ధర. గుణిస్తే 29 కోట్ల రూపాయల పైచిలుకు ధాన్యం. ఒక్క టీఎంసీ రాకపోతే ఇంత. డ్యాముల దగ్గర పది, పదిహేను టీఎంసీల కోసం మాటామాటా అనుకునేటప్పుడు పక్కన ఈ రూపాయల లెక్క కూడా పెట్టుకుంటే తగువు తీవ్రత కాకపోయినా తొందర తెలుస్తుంది.

కాలువ రానప్పుడు రైతు చేతులు ముడుచుకుని కూర్చోడు కదా, వేరే దారి చూసుకుంటాడు. ఆ దారికయ్యే ఖర్చు మరో పద్దు. డెల్టా చివరి భూముల్లో మురుగు కాలువల్లో పారేదాన్నే ఆయిల్ ఇంజన్లు పెట్టి తోడుకుంటారు. సముద్రం దగ్గర ఊళ్లలో ఆ నీళ్లు ఉప్పగా ఉన్నా వేరే గతి లేదు. పై తూము దగ్గర గండి కొట్టకుండా రాత్రుళ్లు గట్టు మీద కాపలా పడుకుంటారు, ఆ రాత్రులకు కూలి లేదు. మిరప చేలకు ట్యాంకర్లతో నీళ్లు తోలిస్తారు. ట్యాంకర్ లెక్క ఎంత దారుణంగా ఉంటుందో చెబుతాను. ఎకరం చేలో ఐదు సెంటీమీటర్ల తడి నిండుగా పెట్టాలంటే రెండు లక్షల లీటర్ల నీళ్లు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 40. ట్యాంకరు 500 రూపాయలకే దొరికిందనుకున్నా ఒక తడికి 20,000. అందుకే వరికి ఎవరూ ఆ సాహసం చెయ్యరు, మిరపకైతే మొక్క మొదట్లో గ్లాసుతో పోసినట్టు పోసి ప్రాణం నిలబెడతారు. కాలువ నీళ్లకు తీరువా కట్టడం బరువని గొణుక్కునే మనం, ఆ నీళ్లు రానిరోజున వాటి అసలు విలువ ఏమిటో ట్యాంకర్ డ్రైవరు చేతికి నోట్లు లెక్కపెడుతున్నప్పుడు తెలుసుకుంటాం.

బోర్లున్నవాళ్లకు ధీమా అనుకుంటాం. కాలువ కింద బోర్లకు ఊట వచ్చేది చాలావరకు ఆ కాలువ నుంచి, తడిసిన మాగాణి నుంచి ఇంకే నీళ్లే. కాలువ పారని ఏడాది బోర్లు కూడా సన్నబడతాయి. అంటే ఆపదకని పెట్టుకున్నది ఆపద రోజునే మొండిచెయ్యి చూపిస్తుంది. రిగ్గు మళ్లీ వస్తుంది, ఇంకో మూడు వందల అడుగులు దిగుతుంది, పైపులు పెరుగుతాయి, మోటారు హార్స్‌పవరు పెరుగుతుంది. ఉచిత కరెంటు వల్ల బిల్లు రాదు, నిజమే. కాలిపోయిన మోటారు రివైండింగు ఉచితం కాదు. పక్క రైతు లోతుకు వెళితే నా బోరు ఎండుతుంది, నేను ఇంకా లోతుకు వెళితే ఆయనది. ఇద్దరూ డబ్బు పోసి కొన్నది ఒకప్పుడు ఇద్దరికీ ఊరికే దొరికిన నీళ్లనే.

చెట్ల సంగతి చెప్పకుండా వదలలేను. నల్లగొండ జిల్లా బత్తాయి, అనంతపురం జిల్లా చీనీ. పేరు ఏదైనా చెట్టు ఒకటే. మొక్క నాటి, ఐదారేళ్లు పిల్లల్ని సాకినట్టు సాకితే గానీ చేతికి కాపు రాదు. బోర్లు ఎండిన ఏళ్లలో ఈ రెండు చోట్లా కాపుకొచ్చిన తోటలు రంపాలతో కోసి కట్టెలకు అమ్ముకున్నారు. వరి ఎండితే పోయేది ఒక పంట. తోట ఎండితే వెనకటి ఆరేళ్ల పెట్టుబడి, ముందున్న పదిహేనేళ్ల రాబడి రెండూ పోతాయి. దీనికి అవే సాయం నిబంధనల్లో ఉన్న అంకె హెక్టారుకు 22,500. ఎకరాకు 9,100 చిల్లర. వరికీ తోటకూ మధ్య తేడా ఎకరాకు రెండు వేల రెండు వందలు! ఈ అంకె రాసినవాళ్లు చెట్టు పెరగడం ఎప్పుడూ చూడలేదేమో.

ఇదంతా లెక్క వెయ్యడం సాధ్యమా అని ఎవరైనా అడిగితే కాలిఫోర్నియా సంగతి చెబుతాను. 2014లో అక్కడ పెద్ద కరవు. కాలువలకు, నదులకు తగ్గిన నీళ్లు 66 లక్షల ఎకరం అడుగులు. మన భాషలో సుమారు 287 టీఎంసీలు, సాగర్ నిండు నిల్వకు కాస్త తక్కువ. డేవిస్‌లోని విశ్వవిద్యాలయం వాళ్లు సీజను నడుస్తుండగానే, ఆ జూలైలోనే, లెక్క కట్టి బయటపెట్టారు. మొత్తం నష్టం 220 కోట్ల డాలర్లు. పంటల రాబడిలో 81 కోట్లు, పాడి, పశువుల్లో 20 కోట్ల పైచిలుకు. కాలువ బదులు భూమిలోంచి అదనంగా తోడినందుకైన ఖర్చు 45 కోట్లు. బీడుపడిన భూమి 4 లక్షల 28 వేల ఎకరాలు. పోయిన పనులు, సీజను పనులతో కలిపి, 17,100. గమనించండి, బీడు ఎకరం అక్కడ ముందు వరసలో ఉంది. అదనంగా తోడిన నీళ్లకు ఒక పద్దు, పశువులకు ఒక పద్దు, కూలి పనులకు ఒక పద్దు. అక్కడంతా సవ్యంగా ఉందని నా ఉద్దేశం కాదు. తగ్గిన నీళ్లలో మూడొంతులు భూమిలోంచే లాగారు. అదే ఏడాది ఈస్ట్ పోర్టర్‌విల్ అనే ఊళ్లో పేదల ఇళ్లలోని తాగునీటి బావులు ఎండిపోయాయి. బాదం తోటలవాళ్లు లోతుకు తవ్వగలిగారు, ఈ ఇళ్లవాళ్లు తవ్వలేకపోయారు. భూగర్భజలానికి కట్టడి చేస్తూ ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది కూడా ఆ ఏడాదే. లెక్క ముందు బయటపడింది, చట్టం దాని వెనకాల వచ్చింది.

పశువుల మాటకొస్తే మనకు అమెరికాలోలా వేల ఎకరాల గడ్డి భూముల ఆసాములు లేరు. మనకున్నది పెరట్లో రెండు గేదెలు, ఊరి బయట గొర్రెల మంద. 2019 పశుగణనలో గొర్రెల్లో దేశం మొత్తం మీద మొదటి స్థానం తెలంగాణది, సుమారు కోటీ 90 లక్షలు. తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, కోటీ 76 లక్షలు. ఈ మూడున్నర కోట్ల జీవాల మేతకూ కాలువకూ ఏం సంబంధమో చూద్దాం.

గేదె ఉన్న ఇంట్లో పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లే ఆ ఇంటికి నిజమైన జీతం. వరి లేకపోతే వరిగడ్డి లేదు. ఆ ఏడాది గడ్డి మోపు ధర చూస్తే బియ్యం నయమనిపిస్తుంది. గట్ల మీద, బోదెల పక్కన పచ్చిమేత ఉండదు. కొని మేపలేక గేదెను సంతకు తోలుతారు. అదే వారం చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా తోలుతారు కనక ధర సగానికి పడుతుంది. వచ్చే ఏడాది నీళ్లొచ్చి మళ్లీ కొందామంటే అందరూ కొనేవాళ్లే, ధర రెట్టింపు. అమ్మకుండా ఎలాగో నిలబెట్టుకున్నా మేత చాలని గేదె ఎదకు రాదు. ఈ ఏడాది చూడి కట్టకపోతే పై ఏడాది ఈత లేదు, పాలు లేవు. కాలువ నిండుగా పారుతున్న ఏడాదిలో ఆ ఇంట్లో పాల బిల్లు రాకపోతే దానికి కారణం నిరుటి కాలువ అని ఎవరికి తడుతుంది?

గొర్రెల కాపరుల కథ ఇంకా దూరం పోతుంది. పాలమూరు నుంచి, రాయలసీమ మెట్ట ఊళ్ల నుంచి కాపరులు ఎండాకాలం ముందు మందలు తోలుకుని కాలువల కింది ఊళ్లకు దిగుతారు. వరి కోసిన మళ్లలో కొయ్యకాళ్లు, గట్ల మీద గడ్డి వాళ్ల గొర్రెలకు మేత. రాత్రి పొలంలో మంద కట్టినందుకు రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు, ఆ పెంట ఆయన భూమికి బలం. తరతరాలుగా నడుస్తున్న బేరం ఇది. ఆయకట్టు బీడుపడితే మేతా లేదు, మంద కట్టించుకునే రైతూ లేడు. మందను లారీలకెక్కించి ఇంకా దూరం పోవాలి, లారీ కిరాయికి నాలుగు గొర్రెలు అమ్మాలి. సాగర్‌తో ఏ సంబంధమూ లేని ఊరి కాపరి సాగర్ కాలువ ఎండినందుకు ఇలా డబ్బు కడుతున్నాడు. ఈయన పేరు ఆయకట్టుదారుల జాబితాలో ఉండదు, నీటి సంఘంలోనూ ఉండదు.

ఇలాంటి మరో కుటుంబం కర్నూలు జిల్లా కోసిగిలోనో మంత్రాలయం పక్కనో ఉంటుంది. అక్కడి నుంచి ఏటా గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. సుగ్గికి పోవడం అంటారు. ఇంట్లో ముసలివాళ్లను ఉంచి, పిల్లల్ని బడి మానిపించి వెంటబెట్టుకుని పోతారు. పల్నాడులో మిరప తగ్గితే సుగ్గి తగ్గుతుంది. నాలుగు నెలల కూలి మీద అడ్వాన్సు తీసుకున్నవాళ్లు బెంగళూరు వైపు తిరుగుతారు. కూలి నష్టానికి పంటనష్టం ఫారంలో గడి లేదు.

నీళ్లు ఆలస్యంగా రావడం కూడా నష్టమే. జూలైలో నాటాల్సింది సెప్టెంబరులో నాటితే నారు ముదిరిపోతుంది, పిలకలు తగ్గుతాయి. కోతలు సరిగ్గా తుఫాన్ల రోజుల్లోకి జరుగుతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీళ్ల కోసం ఎదురుచూసి ఆలస్యంగా నాటిన చేలు అప్పటికి కోతకొచ్చో, కుప్పల మీదో ఉన్నాయి. ఆ నష్టం తుఫాను ఖాతాలో పడింది. అందులో కాలువకూ కొంత వాటా ఉందని నా అభిప్రాయం.

మరి చెయ్యగలిగిందేమిటి? వానలు తెప్పించడం ఎవరి చేతుల్లోనూ లేదు, ఎగువ రాష్ట్రాలతో తగువు ఒక సీజనులో తేలేది కాదు. ఒక పని మాత్రం ఖర్చు లేకుండా చెయ్యవచ్చు. నీళ్లు ఇస్తామో లేదో, ఇస్తే ఏ కాలువకు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని తడులకు ఇస్తామో ముందే చెప్పడం. పైన వేసిన ఎకరం లెక్కలో రైతుకు పోయిన 33,000లో 18,000 కాలువ నమ్మి పెట్టినవే. వరికి నీళ్లు చాలవని ముందే తెలిస్తే ఆరుతడికి పోతాడు, మినుమో జొన్నో శనగో వేస్తాడు, ఆ నీళ్లే ఇంకా ఎక్కువ ఎకరాలకు సరిపోతాయి. కౌలు బేరం తగ్గించుకుంటాడు. ఏమీ లేదంటే కూలికి పోతాడు, కనీసం అప్పు పెరగదు. ఓట్ల భయంతో ఆగస్టు దాకా "వస్తాయి, వస్తాయి" అని నాన్చి చివరికి చేతులెత్తెయ్యడం కంటే జూలైలో "రావు" అని చెప్పడమే రైతుకు చేసే మేలు. కఠినమైన మాటే. అప్పు దానికంటే కఠినం.

నష్టం లెక్కించే ఫారంలో ఇంకో నాలుగు గడులు పెట్టమని కూడా అడుగుతున్నాను. నీళ్లు లేక వెయ్యని ఎకరాలు, బయట కొన్న నీళ్ల ఖర్చు, అమ్మిన పశువులు, సాగు చేసినవాడి పేరు. చేలమ్మట తిరిగే ఉద్యోగి ఎలాగూ తిరుగుతున్నాడు, రాసుకోవడానికి చోటిస్తే చాలు.

వింటున్న రైతులకు నాదొక విన్నపం. గోడ మీది క్యాలెండరులోనైనా సరే, మీ తూముకు నీళ్లు వచ్చిన తేదీ, ఆగిన తేదీ రాసిపెట్టుకోండి. ఇంజనుకు పోసిన డీజిలు, తోలించిన ట్యాంకర్లు, దించిన పైపులు, మోటారు రివైండింగు రసీదులు, సంతలో గేదెను ఎంతకు అమ్మారో, గడ్డి ఎంతకు కొన్నారో, అన్నీ ఒకచోట పెట్టండి. కౌలుకు చేస్తుంటే కౌలు కట్టిన తేదీ, మొత్తం సాక్షుల ముందు రాయించుకోండి. బీడు పెట్టిన ఎకరాలకు కూడా ఒక పేజీ కేటాయించండి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఆ పేజీకి తమ దగ్గర గడి లేదంటే, గ్రామసభలో లేచి నిలబడి ఆ పేజీ చదవండి, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించమని అడగండి.